పెట్టుబడి క్రౌడ్‌ఫండింగ్ కోసం పైరవీ చేసేదెవరు, దేనికోసం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న కంపెనీలకు లెక్కలు చూడటం నా పని. అమెరికాలో ఇంటర్నెట్ ద్వారా జనం దగ్గర పెట్టుబడి తీసుకునే పద్ధతి మొదలయ్యాక నా దగ్గరికి రెండు రకాల వాళ్ళు వస్తున్నారు. డబ్బు సేకరించాలనుకునేవాళ్ళు ఒకరు, ఐదు వందలో వెయ్యో డాలర్లు పెట్టి చూద్దామనుకునేవాళ్ళు ఇంకొకరు. పరిశ్రమ సంఘం వాళ్ళు పంపే ఈమెయిళ్ళు చదివి "వీళ్ళెవరు, వీళ్ళకేం లాభం?" అని ఇద్దరూ అడుగుతారు. ఆ ప్రశ్నలకు జవాబులే ఇవి. సంగతంతా ముఖ్యంగా అమెరికాది. ఇండియా గురించి చివర్లో ఉంది.

క్రౌడ్‌ఫండింగ్ అంటే ఆసుపత్రి ఖర్చులకు విరాళాలు అడగడమే కదా?

అది ఒక రకం. అక్కడ ఇచ్చింది ఇచ్చినట్టే, తిరిగి రాదు. ఇంకో రకంలో ముందే డబ్బు కడితే వస్తువు తయారయ్యాక ఇంటికి పంపిస్తారు. ఇక్కడ మాట్లాడుకునేది మూడో రకం. దీనిలో మీరిచ్చిన డబ్బుకు కంపెనీలో షేరు గానీ, అప్పు పత్రం గానీ, ముందు ముందు షేరుగా మారే ఒప్పందం గానీ చేతికొస్తుంది. ఇది దానం కాదు, కొనుగోలూ కాదు. సెక్యూరిటీ. అంటే షేరు, బాండు లాంటి పెట్టుబడి పత్రం. ఆ ఒక్క మాటతో ఎస్‌ఈసీ రంగంలోకి దిగుతుంది. ఎస్‌ఈసీ అంటే సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్, మన సెబీ లాంటిది.

ఇన్నేళ్ళూ ఇది ఎందుకు కుదరలేదు?

1929లో మార్కెట్ కుప్పకూలాక వచ్చిన 1933 సెక్యూరిటీస్ చట్టం వల్ల. జనానికి షేర్లు అమ్మాలంటే రిజిస్టర్ చేయాలి, లేదంటే చట్టంలో ఒక మినహాయింపు చూపించాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఒక చిన్న బేకరీ తట్టుకోగలిగేది కాదు. ఉన్న మినహాయింపులేమో దాదాపుగా డబ్బున్నవాళ్ళ కోసమే. ఏడాదికి 2 లక్షల డాలర్ల సంపాదన గానీ (భార్యాభర్తలకు కలిపి 3 లక్షలు), ఉంటున్న ఇల్లు కాకుండా 10 లక్షల డాలర్ల ఆస్తి గానీ ఉంటే అక్రెడిటెడ్ ఇన్వెస్టర్ అంటారు. రోజూ ఆ బేకరీలో రొట్టె కొనే బస్సు డ్రైవరుకు ఆ అర్హత ఉండదు. అతను ఆ రాత్రే క్యాసినోకి వెళ్ళి జీతమంతా పోగొట్టుకోవచ్చు, చట్టం అడ్డురాదు. బేకరీలో మాత్రం వంద డాలర్ల వాటా కొనకూడదు. పరిశ్రమ వాదన మొత్తం ఈ పోలిక మీదే నడిచింది. పోలిక బాగుంది కాబట్టే చట్టసభలో అంత తొందరగా పనిచేసిందని నా అనుమానం.

మరి చట్టం ఎలా మారింది?

వ్యాపారాలు పెట్టి నడిపిన ముగ్గురు 2011లో ఒక చట్రం రాసుకుని వాషింగ్టన్‌లో తలుపులు తట్టడం మొదలుపెట్టారు. అదే ఏడాది నార్త్ కరోలినా ప్రతినిధి ప్యాట్రిక్ మెక్‌హెన్రీ ప్రతినిధుల సభలో బిల్లు పెట్టారు. నవంబరులో 407-17 ఓట్లతో అది గట్టెక్కింది. రెండు పార్టీలూ ఏ విషయంలోనూ కలవని రోజుల్లో ఆ అంకె చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. తర్వాత దాన్ని, చిన్న కంపెనీలకు పెట్టుబడి సులువు చేయడానికి తెచ్చిన జాబ్స్ చట్టంలో మూడో భాగంగా కలిపారు. సెనేట్‌లో జెఫ్ మెర్క్‌లీ, మైకేల్ బెన్నెట్, స్కాట్ బ్రౌన్ పెట్టిన సవరణతో పోర్టల్, అంటే కంపెనీకీ డబ్బు పెట్టేవాళ్ళకూ మధ్య నడిచే వెబ్‌సైట్, తప్పనిసరి అయింది, ఒక్కొక్కరు పెట్టే డబ్బుకున్న పరిమితి మారింది. ఒబామా 2012 ఏప్రిల్ 5న వైట్‌హౌస్ రోజ్ గార్డెన్‌లో సంతకం చేశారు.

చట్టం వచ్చేసింది కదా, ఇంక సంఘాలతో పనేంటి?

అసలు పని అక్కడే మొదలైంది. చట్టం గుమ్మం తీసింది గానీ, లోపల ఏ గదిలోకి ఎవరెళ్ళాలో రాయాల్సింది ఎస్‌ఈసీ. 270 రోజుల్లో నిబంధనలు రాయమని చట్టం చెప్పింది. ముసాయిదా వచ్చింది 2013 అక్టోబరులో, తుది నిబంధనలు 2015 అక్టోబరు 30న. అమల్లోకి వచ్చేసరికి 2016 మే 16. సంతకం నుంచి నాలుగేళ్ళు దాటింది. పెళ్ళి కుదిరింది కదా అని మంటపం మాట్లాడుకుని, ముహూర్తం కోసం నాలుగేళ్ళు కూర్చున్నవాళ్ళ పరిస్థితి. పోర్టల్ కంపెనీలు పెట్టినవాళ్ళు ఆఫీసు అద్దెలు కట్టుకుంటూ, పైసా ఆదాయం లేకుండా ఎదురుచూశారు. సంఘాలకు సభ్యులు దొరికింది అలాంటి రోజుల్లోనే.

ఏ సంఘాలు ఇవి?

అమెరికాలో చెప్పుకోవాల్సినవి రెండు. ఒకటి క్రౌడ్‌ఫండింగ్ ప్రొఫెషనల్ అసోసియేషన్, పొట్టిగా సీఎఫ్‌పీఏ. పోర్టళ్ళు, లాయర్లు, అకౌంటెంట్లు, ప్రచారం చూసేవాళ్ళు ఇందులో కలుస్తారు. రెండోది సీఎఫ్ఐఆర్ఏ. పోర్టళ్ళ తరఫున ఎస్‌ఈసీతోనూ ఫిన్రాతోనూ మాట్లాడటానికి పుట్టింది. రెండూ జాబ్స్ చట్టం వచ్చిన 2012లోనే మొదలయ్యాయి. ఫిన్రా అంటే బ్రోకర్ల స్వీయ నియంత్రణ సంస్థ. ప్రతి పోర్టల్ ఎస్‌ఈసీ దగ్గర రిజిస్టర్ కావాలి, ఫిన్రాలో సభ్యత్వం కూడా తీసుకోవాలి.

ఇలాంటి వ్యాపార సంఘాలు సాధారణంగా పన్ను చట్టంలో 501(సి)(6) అనే సెక్షన్ కింద నడుస్తాయి. లాభం పంచుకోరు, కానీ ధర్మసంస్థ కూడా కాదు. సభ్యత్వ రుసుంలో లాబీయింగ్‌కు వెళ్ళే భాగాన్ని సభ్యులు తమ పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకోకూడదు. లెక్కలు చూసేవాడిని కాబట్టి చెబుతున్నా, సంఘం పంపే ఇన్వాయిస్‌ కింద చిన్న అక్షరాల్లో ఆ శాతం రాసి ఉంటుంది. సంఘం ఎంత పైరవీ చేస్తోందో తెలుసుకోవడానికి ఉపన్యాసాల కన్నా ఆ లైను నయం.

పైరవీ అంటే లంచాలు ఇచ్చి పని చేయించుకోవడం కాదా?

మన దగ్గర ఆ మాటకు ఆ వాసన అంటుకుంది గానీ, అమెరికాలో లాబీయింగ్ చట్టబద్ధమైన పని. ఒక స్థాయి దాటి చేస్తే 1995 నాటి లాబీయింగ్ వెల్లడి చట్టం కింద రిజిస్టర్ కావాలి, ఏ బిల్లుల మీద పనిచేశారో, మొత్తం ఎంత ఖర్చయిందో రిపోర్టు ఇవ్వాలి. అది ఎవరైనా చూడొచ్చు. క్రౌడ్‌ఫండింగ్ సంఘాలు బ్యాంకుల సంఘాల పక్కన నిలబడితే కనిపించవు కూడా. అంత చిన్నవి. వీళ్ళ పైరవీ ఎక్కువగా కాగితం మీదే. ముసాయిదా వచ్చినప్పుడు లేఖ రాయడం, కమిషన్ సిబ్బందితో మీటింగ్ పెట్టించుకోవడం, కమిటీ ముందు సాక్ష్యం చెప్పడం, తమ సభ్యుల్లో ఒక చిన్న వ్యాపారిని తీసుకెళ్ళి చట్టసభ సభ్యుడి ఆఫీసులో కూర్చోబెట్టడం.

ఆ లేఖలు ఎవరైనా చదువుతారా?

చదువుతారు, చదివినట్టు చూపించక తప్పదు. ముసాయిదా ప్రచురించి అభిప్రాయాలు తీసుకోకుండా ఎస్‌ఈసీ ఇలాంటి నిబంధన పెట్టడం కష్టం. తుది నిబంధనతో పాటు ఎవరేమన్నారు, దాన్ని ఎందుకు ఒప్పుకున్నాం, ఎందుకు ఒప్పుకోలేదు అని వందల పేజీలు రాస్తారు. 2013 ముసాయిదా ఫైలు నంబరు ఎస్7-09-13. ఆసక్తి ఉన్నవాళ్ళు వెతికి చూడండి. ఒక పక్క పెద్ద లా కంపెనీ రాసిన ముప్ఫై పేజీల లేఖ ఉంటుంది, ఇంకో పక్క ఎవరో మామూలు మనిషి రాసిన నాలుగు లైన్లు. రెండూ ఒకే జాబితాలో, తేదీ ప్రకారం. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి కూర్చుంటే నాకు అలాంటివి చదవడం సరదా. ఇంట్లోవాళ్ళకు అర్థం కాదు.

వీళ్ళ లేఖల వల్ల నిజంగా ఏమైనా మారిందా?

మారింది. అయితే ఏ మార్పు ఏ లేఖ వల్ల వచ్చిందో విడదీసి చెప్పలేం. ఒకే మాట చాలామంది రాస్తారు. ముసాయిదాలో ఏముంది, తుది నిబంధనలో ఏముంది అని పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

మొదటిది ఆడిట్. 5 లక్షల డాలర్లు దాటి సేకరించే ప్రతి కంపెనీకీ ఆడిట్ చేసిన లెక్కలు ఉండాలని 2013 ముసాయిదా అంది. నిన్న పుట్టిన కంపెనీకి ఆడిట్ చేయడానికి ఏముంటుంది? బ్యాంకు ఖాతాలో ముగ్గురు స్నేహితులు వేసిన డబ్బు, రెండు లాప్‌టాప్‌లు. ఆ రెండు లాప్‌టాప్‌లు ఉన్నాయని సర్టిఫై చేయడానికి వేల డాలర్లు ఖర్చు. తుది నిబంధనలో, మొదటిసారి వచ్చే కంపెనీకి ఆడిట్ బదులు సీపీఏ (మన సీఏ లాంటివాడు) చేసే రివ్యూ చాలని మార్చారు. ఆడిట్‌లో సీపీఏ లోపలికి దిగి బ్యాంకును అడిగి, రసీదులు తీసి చూస్తాడు. రివ్యూలో ప్రశ్నలు అడిగి, అంకెలు పొంతన ఉన్నాయా అని చూస్తాడు. రెండింటికీ ఖర్చులో తేడా చాలా ఉంది. భరోసాలోనూ అంతే తేడా ఉందని సంఘం వాళ్ళు మాత్రం పెద్దగా చెప్పరు.

రెండోది ఎంపిక. ఏ కంపెనీని పెట్టుకోవాలో పోర్టల్ తన ఇష్టం మీద నిర్ణయించుకుంటే అది సలహా ఇచ్చినట్టే అవుతుందన్న భయం ముసాయిదాలో ఉంది. అలాగైతే తలుపు తట్టినవాడినల్లా లోపలికి రానివ్వాలి. తుది నిబంధనలో పోర్టల్‌కు ఏరుకునే స్వేచ్ఛ ఇచ్చారు. పరిశ్రమ అడిగినవాటిలో పెట్టుబడిదారుకు కూడా నేరుగా మేలు చేసింది ఇదేనని నా అభిప్రాయం.

మూడోది ఒకే ఒక్క మాట. దానికి విడిగా జవాబు రాయాలి.

ఆ ఒక్క మాట ఏంటి?

"తక్కువ" అనే చోట "ఎక్కువ" అని మార్చారు.

2016 నిబంధన ప్రకారం, మీ ఏడాది ఆదాయం, మీ నికర ఆస్తి రెండింటిలో ఏది తక్కువో దాని మీద శాతం కట్టి, 12 నెలల్లో అన్ని పోర్టళ్ళలో కలిపి అంతే పెట్టాలి. 2020 నవంబరు 2న కమిషన్ ఆమోదించి, 2021 మార్చి 15 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత, ఏది ఎక్కువో దాని మీద లెక్క కడతారు.

ఒక అమ్మాయిని తీసుకుందాం. చదువు ఇప్పుడే అయింది, 60,000 డాలర్ల జీతం. చదువు అప్పు నెత్తిమీద ఉంది కాబట్టి నికర ఆస్తి సున్నా కన్నా కిందే. పాత పద్ధతిలో ఆస్తి తక్కువ కాబట్టి దాన్నే చూస్తారు, శాతం కట్టడానికి అక్కడ ఏమీ ఉండదు, అందరికీ ఇచ్చిన కనీసపు 2,000 డాలర్లే ఆమె పరిమితి. కొత్త పద్ధతిలో 60,000 మీద 5 శాతం, అంటే 3,000. ఇప్పుడు అదే జీతం ఉన్న ఒక పెద్దాయనను తీసుకోండి. ఉంటున్న ఇల్లు కాకుండా లక్షన్నర డాలర్ల పొదుపు ఉంది. పాత లెక్కలో 60,000 మీద 5 శాతం, 3,000. కొత్త లెక్కలో లక్షన్నర మీద 5 శాతం, 7,500. రెండున్నర రెట్లు.

ఇప్పటి అంకెలు ఇవి: ఆదాయం, ఆస్తి రెండింటిలో ఏ ఒక్కటైనా 1,24,000 డాలర్ల కన్నా తక్కువైతే, 2,500 డాలర్లు గానీ, ఎక్కువైనదాని మీద 5 శాతం గానీ, ఏది పెద్దదైతే అది. రెండూ 1,24,000 గానీ అంతకు మించి గానీ ఉంటే 10 శాతం, గరిష్ఠంగా 1,24,000 డాలర్లు. అక్రెడిటెడ్ ఇన్వెస్టర్లకు 2021 నుంచి పరిమితే లేదు.

టీవీలో చర్చ జరగదు, వార్త రాదు, ఒక్క మాటతో లక్షల మంది పెట్టగలిగే డబ్బు మారిపోతుంది. సంఘాలు ఏం చేస్తాయో ఎవరైనా అడిగితే నేను ఈ మాటే చూపిస్తాను.

కంపెనీల పరిమితి కూడా పెరిగిందటగా?

పెరిగింది. 12 నెలల్లో 10 లక్షల డాలర్లతో మొదలై, 2017లో ధరల సూచీ ప్రకారం 10 లక్షల 70 వేలకు వచ్చి, 2021 మార్చి నుంచి ఒక్కసారిగా 50 లక్షలయింది. అదే సవరణలో ఇంకో రెండు కోరికలూ తీరాయి. పోర్టల్ ఎక్కకముందే "మేం డబ్బు సేకరిస్తే మీకు ఆసక్తి ఉందా?" అని జనాన్ని అడిగి చూడొచ్చు. వెయ్యి మంది చిన్న వాటాదారులను ఒక ప్రత్యేక సంస్థలో చేర్చి, కంపెనీ పుస్తకాల్లో ఒకే పేరుగా చూపించొచ్చు. వాటాదారుల జాబితా పదహారు పేజీలుంటే తర్వాత వచ్చే పెద్ద ఇన్వెస్టర్ చూసి పారిపోతాడని కంపెనీల బాధ.

ఈ సవరణను ఆమోదించిన రోజు కమిషన్‌లో ఓట్లు 3-2. ఆలిసన్ లీ, కెరొలైన్ క్రెన్‌షా వ్యతిరేకించారు. అంతకు ఐదేళ్ళ ముందు 2015లో కూడా ఒకరు వ్యతిరేకంగా ఓటేశారు, కానీ కారణం తలకిందులు. నిబంధనలు మరీ చిక్కుగా ఉన్నాయని, చిన్న కంపెనీలకు ఉపయోగపడవని మైకేల్ పివొవర్ ఫిర్యాదు.

వ్యతిరేకించేవాళ్ళు ఎవరు? వాళ్ళ బాధేంటి?

రాష్ట్రాల్లో షేర్ల వ్యవహారాలను పర్యవేక్షించే అధికారుల సంఘం నాసా ఒకటి. అంతరిక్షం వాళ్ళు కాదు, పేరు అలా కలిసింది, ఇంగ్లిష్‌లో ఇంకో 'ఏ' ఎక్కువ. జాబ్స్ చట్టం ఈ ఇష్యూలను రాష్ట్రాల ముందస్తు పరిశీలన నుంచి తప్పించింది. మోసం జరిగాక పట్టుకోవడం తప్ప, జరగకముందు ఆపే అధికారం పోయిందని వాళ్ళ ఆవేదన. పెద్దవాళ్ళ తరఫున పనిచేసే ఏఏఆర్‌పీ కూడా గట్టిగానే మాట్లాడింది. రిటైరైనవాళ్ళ పొదుపు మీదే మోసగాళ్ళ కన్ను ఉంటుందని వాళ్ళకు బాగా తెలుసు. అప్పటి ఎస్‌ఈసీ చైర్మన్ మేరీ షాపిరో 2012 మార్చిలో సెనేట్‌కు లేఖ రాసి ఇన్వెస్టర్ల రక్షణ గురించి ఆందోళన చెప్పారు.

తెలుగువాళ్ళకు ఈ భయం వివరించక్కర్లేదు. అగ్రిగోల్డ్ పేరు చెబితే చాలు. అక్కడ ఊరూరా ఏజెంట్లు తెలిసినవాళ్ళే, అదే నమ్మకం. ఇక్కడ ఆ ఏజెంటు బదులు ఒక చక్కటి వీడియో ఉంటుంది.

మోసాలు జరిగాయా మరి?

జరిగాయి. పద్ధతి మొదలైన 2016లోనే ఫిన్రా ఒక పోర్టల్‌ను సభ్యత్వం నుంచి తీసేసింది. 2021 సెప్టెంబరులో ఎస్‌ఈసీ ఈ నిబంధనల కింద మొదటి కేసు వేసింది. గంజాయికి సంబంధించిన రియల్ ఎస్టేట్ పేరుతో జనం దగ్గర దాదాపు 20 లక్షల డాలర్లు తీసుకుని సొంతానికి వాడుకున్నారన్నది ఆరోపణ. పోర్టల్‌ను కూడా కేసులో చేర్చారు. హెచ్చరిక సంకేతాలు కనపడినా పట్టించుకోలేదని.

కానీ డబ్బు పోవడానికి మోసమే అక్కర్లేదు. నిజాయితీగా నడిపిన కంపెనీ కూడా మూతపడుతుంది, చిన్న కంపెనీల విషయంలో అదే మామూలు. ఈ మాట పోర్టల్ పేజీల మీద రాసే ఉంటుంది. సెల్‌ఫోన్‌లో కిందికి లాగుతూ ఎవరూ ఆగరు.

సంఘం చిన్న ఇన్వెస్టర్ల తరఫున మాట్లాడుతోందా?

"అందరికీ పెట్టుబడి అవకాశం" అని వాళ్ళ ప్రతి లేఖలో ఉంటుంది. మనస్ఫూర్తిగా నమ్మేవాళ్ళూ అందులో ఉన్నారు, నాకు తెలుసు. కానీ రుసుం కట్టేది ఎవరు? పోర్టళ్ళు, లాయర్లు, నాలాంటి లెక్కలవాళ్ళు. వసూలైన మొత్తంలో పోర్టల్‌కు శాతం వస్తుంది. ఎంత ఎక్కువ వసూలైతే అంత. మీరు పెట్టిన డబ్బు ఐదేళ్ళ తర్వాత ఏమైందన్నదానితో ఆ శాతానికి సంబంధం లేదు.

నా సొంత అనుభవం చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక చిన్న ఆహార కంపెనీలో 500 డాలర్లు పెట్టాను. వాళ్ళ పచ్చడి బాగుంటుంది, అదే కారణం. డబ్బు సేకరించిన కంపెనీ ఏడాది ముగిశాక 120 రోజుల్లో ఫారం సీ-ఏఆర్ అనే వార్షిక నివేదిక దాఖలు చేయాలి. మొదటి ఏడాది వచ్చింది. రెండో ఏడాది రాలేదు. మూడో ఏడాది ఈమెయిల్ చేస్తే తిరిగొచ్చింది. పోర్టల్‌ను అడిగితే కంపెనీనే అడగమన్నారు, మర్యాదగానే. కంపెనీ బతికుందో లేదో ఇప్పటికీ నాకు కాగితం మీద తెలియదు. కొట్లో పచ్చడి మాత్రం కనిపించడం లేదు.

ఇష్యూ పరిమితి పెంచమని సంఘాలు రాసిన లేఖలు చాలా చదివాను. వార్షిక నివేదిక ఇవ్వని కంపెనీల సంగతి చూడమని అంత పట్టుదలగా రాసింది నా కంటపడలేదు. తప్పుపట్టడం లేదు, ఎవరి సంఘం వాళ్ళ పనే చేస్తుంది. చిన్న ఇన్వెస్టర్లకు మాత్రం అలాంటి సంఘం లేదు.

పోర్టల్‌లో పెట్టారంటే కంపెనీ మంచిదని అర్థం కాదా?

కాదు. ఫండింగ్ పోర్టల్ పెట్టుబడి సలహా ఇవ్వకూడదు, మీ డబ్బు తన చేతుల్లో పెట్టుకోకూడదు. అది విడిగా, మూడో సంస్థ చేతిలోని ఎస్క్రో ఖాతాలో ఉంటుంది. అనుకున్న కనీస మొత్తం రాకపోతే మీ డబ్బు మీకు తిరిగొస్తుంది. గడువుకు 48 గంటల ముందు వరకూ మీరు మనసు మార్చుకోవచ్చు. ఆ తర్వాత కుదరదు, కొన్నాక ఏడాది వరకూ కొన్ని మినహాయింపులు తప్ప అమ్ముకోనూ కూడదు. ఏడాది తర్వాత అమ్ముకోవచ్చు, కొనేవాడు దొరికితే.

ఇప్పుడు సంఘాలు ఏం అడుగుతున్నాయి?

50 లక్షల పరిమితి ఇంకా పెంచాలని. సీపీఏ రివ్యూ 1,24,000 డాలర్లు దాటగానే మొదలవుతుంది, దాన్ని పైకి జరపాలని. కోవిడ్ సమయంలో 2020 మేలో ఎస్‌ఈసీ తాత్కాలికంగా 2,50,000 వరకూ సీఈఓ సంతకం చాలని వదిలేసింది, అప్పుడేం ఆకాశం ఊడిపడలేదుగా అన్నది వాళ్ళ వాదన. కొన్నవాళ్ళు తిరిగి అమ్ముకునే చోట రాష్ట్రాల నిబంధనల అడ్డు తొలగించాలని. ఈ చివరిది ఇన్వెస్టర్‌కు కూడా కావాలి. రివ్యూ తగ్గించడం మీద నాకు ఇష్టం లేదు. నా ఫీజు పోతుందని కూడా అనుకోండి, కానీ రివ్యూకు కూర్చున్నప్పుడు యజమానికే తెలియని అప్పులు బయటపడటం నేను చూశాను.

మిగతా దేశాల్లో?

బ్రిటన్‌లో యూకే క్రౌడ్‌ఫండింగ్ అసోసియేషన్ 2012లో మొదలై, ప్రభుత్వం చెప్పకముందే సభ్యులకు నియమావళి రాసుకుంది. 2014 ఏప్రిల్‌లో అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ నిబంధనలు వచ్చాయి. యూరప్‌లో దేశానికో చట్టం ఉండటం పెద్ద తలనొప్పి. బ్రస్సెల్స్ కేంద్రంగా ఉన్న యూరోపియన్ క్రౌడ్‌ఫండింగ్ నెట్‌వర్క్ లాంటివి ఏళ్ళ తరబడి ఒకే నిబంధన కోసం తిరిగాయి. 2021 నవంబరు 10 నుంచి అది అమల్లో ఉంది. ఏడాదికి 50 లక్షల యూరోలు, కంపెనీ వివరాల పత్రం ఆరు పేజీలు దాటకూడదు, అనుభవం లేని ఇన్వెస్టర్‌కు నాలుగు రోజులు ఆలోచించుకునే గడువు. ఆ ఆరు పేజీల నియమం అమెరికాలో కూడా ఉంటే బాగుండు.

ఇండియాలో కుదురుతుందా?

షేర్లు ఇచ్చే క్రౌడ్‌ఫండింగ్‌కు ఇండియాలో చట్టబద్ధమైన చట్రం లేదు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 42 ప్రకారం ప్రైవేటుగా షేర్లు ఇవ్వాలంటే ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి అడగకూడదు, ప్రకటన ఇవ్వకూడదు. ఇంటర్నెట్‌లో పెట్టడమంటేనే ప్రకటన. సెబీ 2014 జూన్‌లో ఒక చర్చాపత్రం విడుదల చేసింది. 10 కోట్ల రూపాయల వరకు సేకరణ, అర్హత ఉన్న చిన్న ఇన్వెస్టర్ 20,000 నుంచి 60,000 వరకు పెట్టొచ్చు అన్న ప్రతిపాదనలు అందులో ఉన్నాయి. అది నిబంధనగా మారలేదు. 2016 ఆగస్టులో ఇలాంటి ఆన్‌లైన్ వేదికలకు తాము అనుమతి ఇవ్వలేదని సెబీ జనాన్ని హెచ్చరించింది. అప్పు రూపంలో అయితే ఆర్‌బీఐ 2017లో పీ2పీ సంస్థలకు, అంటే మనుషుల మధ్య ఆన్‌లైన్‌లో అప్పులు కుదిర్చేవాటికి, నిబంధనలు ఇచ్చింది. విరాళాల వేదికలు మామూలుగానే నడుస్తున్నాయి.

కాబట్టి విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఎవరైనా "మా స్టార్టప్‌లో పది వేలు పెట్టండి, షేర్లిస్తాం" అని వాట్సాప్‌లో లింకు పంపితే, అమెరికాలో ఇది నడుస్తోంది కదా అనే ధైర్యంతో కట్టకండి.

హైదరాబాద్ కంపెనీ అమెరికా పోర్టల్‌లో డబ్బు సేకరించొచ్చా?

నేరుగా కుదరదు. అమెరికా చట్టాల కింద ఏర్పడిన కంపెనీకే ఈ మినహాయింపు. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో మాతృసంస్థ పెట్టుకున్నవాళ్ళు ఆ దారిలో వస్తారు, అప్పుడు రెండు దేశాల పన్నులు, ఫెమా (ఇండియా విదేశీ మారక చట్టం) నిబంధనలు నెత్తికెక్కుతాయి. ఇండియాలో ఉన్నవాళ్ళు అమెరికాలోని అన్‌లిస్టెడ్ షేర్లు కొనాలన్నా విదేశీ పెట్టుబడి నిబంధనలు చూసుకోవాలి. డబ్బు పంపకముందే సీఏని అడగండి, పంపాక కాదు.

హెచ్1బీ మీద ఉన్నాను, పెట్టొచ్చా?

షేర్లు కొని ఊరుకోవడానికి ఇబ్బంది లేదు. ఆ కంపెనీకి పని చేసిపెట్టడం వేరే సంగతి, లాయరును అడగాలి.

డబ్బు అడిగే కంపెనీ దాఖలు చేసే వివరాల పత్రం, ఫారం సీలో ముందు ఏం చూడాలి?

నేను వీడియో చూడను. లెక్కల నోట్స్‌లో "కొనసాగే సంస్థ" గురించి రాసిన పేరా తీస్తాను. కంపెనీ ఇంకో ఏడాది నడుస్తుందా అన్న సందేహం ఉంటే అక్కడే రాసి ఉంటుంది. తర్వాత యజమానులకు కంపెనీ బాకీ ఉన్న అప్పులు. మీరు పెట్టే డబ్బుతో ముందు ఆ అప్పులే తీరుస్తారేమో "నిధుల వినియోగం" పట్టికలో ఉంటుంది. ఆ తర్వాత కంపెనీ విలువ ఎంత వేసుకున్నారో. ఏడాదికి 80,000 డాలర్ల అమ్మకాలున్న కంపెనీ తన విలువ కోటి డాలర్లని రాసుకుంటే, ఆ అంకెను పోర్టల్ గానీ ఎస్‌ఈసీ గానీ ఆమోదించినట్టు కాదు. యజమాని రాసుకున్నాడు, అంతే.

సంఘంలో సభ్యుడిని కాకుండా నా అభిప్రాయం ఎస్‌ఈసీకి చెప్పొచ్చా?

చెప్పొచ్చు, రుసుం లేదు, పౌరసత్వం అడగరు. ముసాయిదా ఫైలు నంబరు మొదటి లైనులో రాయండి. ఏ ప్రశ్నకు జవాబిస్తున్నారో ఆ నంబరు పెట్టండి, ముసాయిదాలోనే వాళ్ళు ప్రశ్నలు అడుగుతారు. "ఇది చాలా అన్యాయం" అనే లేఖ లెక్కలోకి వస్తుంది గానీ, "నేను 500 డాలర్లు పెట్టాను, రెండేళ్ళుగా వార్షిక నివేదిక రాలేదు" అనే లేఖను తుది నిబంధన రాసేటప్పుడు ఫుట్‌నోట్‌లో పేర్కొనే అవకాశం ఎక్కువ. ఒక పేజీ చాలు. మీరు రాసింది ఉన్నదున్నట్టు వెబ్‌సైట్‌లో పెట్టేస్తారు, కాబట్టి ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు తీసేసి పంపండి.